అడగని వారి ఆకలి

 

దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 273వ ఆయతులో అల్లాహ్ ఒక రకం పేదవారిని మనకు పరిచయం చేస్తున్నాడు. వారు ఎవరి ముందూ చేయి చాపరు. వారి అభిమానాన్ని చూసి, విషయం తెలియనివాడు వారికి ఏ లోటూ లేదనుకుంటాడు. అయితే వారిని వారి గుర్తులను బట్టి పోల్చుకోవచ్చునని ఆ ఆయతు మనకు బోధిస్తోంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) కూడా ఇదే భావాన్ని మరోవిధంగా వివరించారు. ఒకటి రెండు ముద్దల కోసం, ఒకటి రెండు ఖర్జూరాల కోసం ఇంటింటికీ తిరిగేవాణ్ణి అసలైన నిరుపేదగా భావించవద్దన్నారు. తన అవసరానికి సరిపడా లేకపోయినా, ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా, లేచి ఎవరినీ అడగకుండా ఉండేవాడే అసలైన నిరుపేద అని సెలవిచ్చారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

ఈ బోధనల్లో మనపై ఒక బాధ్యత ఉంది. తలుపు తట్టినవాడికి పిడికెడు బియ్యం వేయడం తేలిక. తలుపు తట్టనివాడి ఆకలిని మనమే వెతికి పట్టుకోవాలి. అలా వెతకవలసిన వారిలో మనం తరచుగా మరచిపోయేది ఎవరినో తెలుసా? మన బస్తీల్లో, మన ఇళ్ళలో, మన వంటగదికి పది అడుగుల దూరంలో మంచం మీద కూర్చుని ఉన్న వృద్ధులను. ఈ నెల పాఠం వారి గురించే.

నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం

ఇమామతు చేస్తూ, సాయంత్రాలు మక్తబ్‌లో పిల్లలకు చదువు చెబుతున్న రోజులవి. ఫజ్ర్ నమాజుకు అందరికన్నా ముందు వచ్చే ఒక పెద్దాయన ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు ఇళ్ళకు సున్నాలు వేసే పని చేశారు. భార్య చనిపోయారు. కొడుకు ఆటో నడిపేవాడు, కోడలు కూడా పనికి వెళ్ళేది. ఇద్దరూ మంచివాళ్ళే. పొద్దున్నే వండి, ఆయన వంతు అన్నం మూత పెట్టి వెళ్ళేవారు. అప్పుడప్పుడు నేను, “చాచా, భోజనం అయిందా?” అని పలకరించేవాణ్ణి. “అయింది బేటా, అల్హమ్దులిల్లాహ్” అనేవారు. నేను తృప్తిపడి వెళ్ళిపోయేవాణ్ణి.

ఒక విషయం ప్రతి ఏడూ నా కళ్ళ ముందే జరిగింది. రమజాను నెలలో మేమంతా నీరసపడుతుంటే ఆయన ముఖానికి మాత్రం కళ వచ్చేది. ఇఫ్తారుకు మస్జిద్‌లో ఖర్జూరం, పండ్లు, గంజి, హలీం ఉండేవి. సహరీకి ఎవరో ఒకరు టిఫిను పంపేవారు. సంవత్సరంలో ఆ నెల రోజులే ఆయన నలుగురి మధ్య కూర్చుని రెండు పూటలా మెత్తని, వేడి ఆహారం తినేవారు. షవ్వాల్ నెల గడిచేసరికి చొక్కా మళ్ళీ వదులయ్యేది. మేము దాన్ని వృద్ధాప్యమనుకున్నాం.

ఒక చలికాలంలో నాలుగు రోజుల జ్వరంతో ఆయన అల్లాహ్ సన్నిధికి వెళ్ళిపోయారు. ఆయనకు గుస్ల్ ఇచ్చిన వారిలో నేనూ ఒకణ్ణి. మయ్యిత్‌కు స్నానం చేయించేవారు తాము చూసిన లోపాన్ని బయటపెట్టకూడదు. అందుకే ఆయన పేరు గానీ, వీధి పేరు గానీ నేను చెప్పను. అయితే ఆ రోజు నేను చూసిన లోపం ఆయనది కాదు, మాది. ఒక్కొక్క పక్కటెముకా లెక్కపెట్టేలా ఉంది. భుజాల మీద, తొడల మీద కండ అన్నదే లేదు. ఒక పెద్ద మనిషి శరీరాన్ని ఒక పక్కకు తిప్పడానికి నా ఒక్క చేయి సరిపోయింది.

ఖననం అయ్యాక కొడుకు ఏడుస్తూ చెప్పాడు. పళ్ళు లేనందువల్ల చల్లారి గట్టిపడిన అన్నం ఆయన నమలలేకపోయేవారట. నాలుగు ముద్దలు నీళ్ళలో పిసుక్కుని మింగి, మిగిలింది బడి నుంచి వచ్చిన మనవళ్ళకు పెట్టేవారట. సాయంత్రం పళ్ళెం ఖాళీగా ఉండటం చూసి, నాన్న తిన్నాడని ఇంట్లోవాళ్ళు అనుకునేవారు. పొరుగువాడు పస్తుండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాజాలడన్న హదీసును నేను ఎన్ని జుమా ప్రసంగాల్లో వినిపించానో లెక్క లేదు. ఆ ప్రసంగాలు వింటూ మొదటి వరుసలో కూర్చున్నది ఆయనే.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు

2017–18లో మన దేశమంతటా 45 ఏళ్ళు, ఆపై వయసున్న 72 వేల మందికి పైగా ప్రజలపై ‘లాసీ’ అనే పెద్ద సర్వే జరిగింది. దాని నివేదిక 2021లో వెలువడింది. 60 ఏళ్ళు దాటిన వారిలో నూటికి 27 మంది ఉండవలసిన బరువు కన్నా తక్కువ ఉన్నారని అందులో తేలింది. అంటే నలుగురు వృద్ధుల్లో ఒకరికి మించి. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 60 దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. ఈ సంఖ్యను మీ మస్జిద్ వరుసలకు అన్వయించి చూడండి. మీ వెనుక నిలబడ్డ నలుగురు పెద్దల్లో ఒకరు సరిపడా తినని వారై ఉండవచ్చు.

‘రేషన్ బియ్యం వస్తున్నాయి కదా, ఆకలి ఎక్కడిది?’ అని కొందరు అడుగుతారు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం సాధారణ కార్డుపై ఒక మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం. అంటే రోజుకు సుమారు 165 గ్రాములు. దాని నుంచి వచ్చే శక్తి 600 కేలరీల లోపే. ఒక వృద్ధురాలికి రోజుకు సుమారు 1,500 కేలరీలు కావాలనుకున్నా, అందులో ఇది సగం కూడా కాదు. పైగా బియ్యం కడుపు నింపుతుంది గానీ, కండను నిలబెట్టే మాంసకృత్తులు అందులో తక్కువ. పప్పు, గుడ్డు, పాలు, కూర కొనుక్కోవాలి. కొనే స్థోమత తగ్గినప్పుడు ఇంట్లో మొదట మానేసేది పెద్దవాళ్ళే. “నాకెందుకమ్మా, పిల్లలకు పెట్టు” అంటారు. అది వారి త్యాగం. దాన్ని రోజూ అంగీకరించడం మన నిర్లక్ష్యం.

ముద్ద ఎందుకు దిగదు?

వృద్ధాప్యం గురించి అల్లాహ్ రూమ్ సూరా 54వ ఆయతులో ప్రస్తావించాడు. బలహీన స్థితి నుంచి మనిషిని పుట్టించి, బలాన్నిచ్చి, ఆ తర్వాత తిరిగి బలహీనతను, నెరసిన తలను ఇస్తున్నాడని అక్కడ తెలిపాడు. ఈ రెండవ బలహీనత మొదటి దాని వంటిదే. పసిబిడ్డకు పాలు పట్టే తల్లి, వాడు అడిగేదాకా ఊరుకుంటుందా? బిడ్డ ఏడ్చి అడుగుతాడు, వృద్ధులు అదీ చేయరు.

వయసు మీదపడేకొద్దీ నాలుకకు రుచి, ముక్కుకు వాసన తగ్గుతాయి. ఆకలి, దాహం మందగిస్తాయి. కొద్దిగా తినగానే కడుపు నిండినట్లు అనిపిస్తుంది. పళ్ళు ఊడిపోతే ముందు దూరమయ్యేవి మాంసం, పల్లీలు, పచ్చి కూరగాయలు, పండ్లు. మిగిలేది మెత్తని అన్నం, చారు, టీ, అందులో ముంచుకునే బిస్కట్టు. ఇవి తిని రోజులు గడపవచ్చు గానీ బలం నిలవదు. కొన్ని రకాల మందులు కూడా నోటికి చేదును, కడుపుకు వికారాన్ని తెస్తాయి.

మరొక కారణాన్ని మన స్త్రీలు బాగా గ్రహించగలరు. నాలుగు కుటుంబాలకు ఒకటే మరుగుదొడ్డి ఉన్నచోట, లేదా మెట్లు దిగి వెళ్ళవలసి వచ్చినచోట, వృద్ధురాళ్ళు రాత్రి లేవడానికి భయపడి సాయంత్రం నుంచే అన్నం, నీళ్ళు తగ్గించుకుంటారు. ఇవాళ్టి భయం రేపటికి అలవాటవుతుంది.

వీటన్నిటికీ మించిన కారణం ఒంటరితనం. జీవిత భాగస్వామి పోయిన తర్వాత చాలామందికి పళ్ళెం ముందు కూర్చోబుద్ధి కాదు. ఇంటి పెద్దగా అందరికీ వడ్డించిన దాదీ, ఇప్పుడు తన పళ్ళెం గోడవైపు తిరిగి తినవలసి వస్తే ఆ ముద్ద దిగుతుందా? బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతులో తల్లిదండ్రుల పట్ల ‘ఉఫ్’ అని కూడా అనరాదని ఆదేశించిన సందర్భంలోనే, వారు “నీ దగ్గర” వృద్ధాప్యానికి చేరుకుంటే అన్న మాట ఉంది. ఒకే కప్పు కింద ఉండటంతో ఆ మాట పూర్తవుతుందా అని ప్రతి ఒక్కరం మన మనస్సాక్షిని అడుగుదాం.

గుర్తులు చూడటం నేర్చుకుందాం

బఖరా సూరాలోని ఆయతు గుర్తులను బట్టి పోల్చుకోమంటోంది. ఈ గుర్తులేమిటో వైద్యులు కూడా మనకు చెబుతున్నారు. చదువు లేనివారు కూడా వీటిని గమనించవచ్చు.

వేలి ఉంగరం జారుతోందా? గాజులు మోచేతి వరకు పోతున్నాయా? షేర్వానీ, చొక్కా భుజాల నుంచి వేలాడుతున్నాయా? కణతలు, బుగ్గలు లోపలికి పోయాయా? నేల మీద నుంచి లేవడానికి ఇదివరకు లేని ఆసరా కావలసి వస్తోందా? నమాజును నిలబడి చదివే మనిషి ఈ మధ్య కుర్చీ వెతుక్కుంటున్నారా? చిన్న దెబ్బ కూడా వారాల తరబడి మానడం లేదా? ఇవన్నీ వయసు వల్లే అని తేల్చేయకండి.

పాదానికి, మోకాలికి మధ్య పిక్క అత్యంత లావుగా ఉన్నచోట ఒక దారంతో చుట్టుకొలత తీసి, స్కేలుపై పెట్టి చూడండి. అది 31 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే కండ కరిగిపోతోందని అనుమానించాలి. వృద్ధుల పోషణను పరీక్షించే పద్ధతుల్లో వైద్యులు ఈ కొలతను వాడుతున్నారు. బరువు తూచే యంత్రం ఉంటే మరీ మంచిది. 150 సెంటీమీటర్ల ఎత్తున్న అవ్వ 41 కిలోల కన్నా తక్కువ ఉన్నా, 160 సెంటీమీటర్ల ఎత్తున్న తాత 47 కిలోల కన్నా తక్కువ ఉన్నా అది హెచ్చరిక. అంతకు మించిన హెచ్చరిక ఏమిటంటే, ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోవడం. గత మూడు నెలల్లో తిండి తగ్గిందా, బరువు తగ్గిందా అన్నవి తప్పక అడగవలసిన ప్రశ్నలు. క్షయ, షుగరు, మరికొన్ని పెద్ద రోగాలు కూడా ఇలాగే మొదలవుతాయి కాబట్టి ఆస్పత్రిలో చూపించడం ఆలస్యం చేయకూడదు.

అడిగే తీరు కూడా మార్చుకోవాలి. “తిన్నారా?” అంటే వచ్చే జవాబు ఒక్కటే, “తిన్నాను”. దానికి బదులు, “నిన్న రాత్రి ఏం తిన్నారు చాచా? ఎవరితో కూర్చుని తిన్నారు?” అని అడగండి. జవాబులోనే అసలు సంగతి బయటపడుతుంది. నాకు ఆ ప్రశ్న అడగడం అప్పుడు తెలియలేదు.

ఎవరికి ముందు పెట్టాలి?

గుహలో చిక్కుకున్న ముగ్గురి వృత్తాంతం మీకు తెలిసిందే. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండూ దాన్ని నమోదు చేశాయి. బండరాయి దొర్లి గుహ ముఖం మూసుకుపోతే, ఆ ముగ్గురూ తాము అల్లాహ్ కోసం చేసిన ఒక్కొక్క పనిని చెప్పుకుని ప్రార్థించారు. మొదటి వ్యక్తి చెప్పుకున్నది ఏమిటి? అతనికి వృద్ధులైన తల్లిదండ్రులున్నారు, చిన్నపిల్లలూ ఉన్నారు. రోజూ పశువులను తోలుకొచ్చి పాలు పితికి, ముందుగా తల్లిదండ్రులకు తాగించి, ఆ తర్వాతే పిల్లలకు ఇచ్చేవాడు. ఒకరోజు ఆలస్యమైంది. వచ్చేసరికి తల్లిదండ్రులు నిద్రపోయారు. వారిని లేపడానికి మనసొప్పలేదు, వారికన్నా ముందు పిల్లలకు ఇవ్వడానికీ మనసొప్పలేదు. కాళ్ళ దగ్గర పిల్లలు ఆకలితో ఏడుస్తుండగా, పాలగిన్నె చేత పట్టుకుని తెల్లవారేదాకా నిలబడ్డాడు. ఈ పనిని అల్లాహ్ స్వీకరించాడు, బండరాయి కొంత జరిగింది.

పిల్లలను ఏడిపించమని ఈ హదీసు ఉద్దేశం కాదు. వడ్డనలో వరుసక్రమాన్ని ఇది నేర్పుతోంది. మన ఇళ్ళలో ఈ వరుస తలకిందులైంది. ముందు సంపాదించేవారికి, తర్వాత పిల్లలకు, చివరికి అడుగున మిగిలింది పెద్దవాళ్ళకు. షోర్వాలో నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని కూడా చూసుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి) గారికి హితవు చెప్పారు. మనం ఆ నీళ్ళను పెద్దవాళ్ళ పళ్ళెంలో పోసి, ముక్కలను మన పళ్ళెంలో వేసుకుంటున్నాం.

ఇక్కడ ఒక మస్అలా కూడా తెలుసుకోవాలి. కన్న తల్లిదండ్రులకు, తాత, అవ్వలకు జకాత్ సొమ్ము ఇస్తే జకాత్ చెల్లదు. ఎందుకంటే వారికి అవసరం ఉన్నప్పుడు, స్థోమత ఉన్న సంతానం వారిని పోషించడం విధి. అది వారి హక్కు. అమ్మకు గుడ్డు, పాలు కొని పెట్టి దానధర్మం చేశానని లెక్క రాసుకోకూడదు, అప్పు తీర్చానని అనుకోవాలి. అదే పేదవారైన పిన్ని, ఖాలా, ఫుప్పూ, చాచా, మామ, అత్తమామలకైతే జకాత్ ఇవ్వవచ్చు. బంధువుకిచ్చే దానంలో దానపు పుణ్యంతో పాటు బంధుత్వాన్ని నిలుపుకున్న పుణ్యం కూడా లభిస్తుందని హదీసు శుభవార్త ఇస్తోంది. సంతానం లేని మేనత్తలు, పెద్దమ్మలు ఏ మూల గదిలో ఏం తింటున్నారో జకాత్ లెక్కలు కట్టేటప్పుడు ఒకసారి గుర్తు చేసుకోండి.

పళ్ళెంలో ఏముండాలి?

వృద్ధులకు తిండి తక్కువ చాలుననుకోవడం పొరపాటు. శక్తి అవసరం కొంత తగ్గినా, మాంసకృత్తుల అవసరం తగ్గదు. కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము చొప్పున మాంసకృత్తులు అందేలా చూడటం మంచిదని నిపుణులు చెబుతున్నారు. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాములు, గ్లాసు పాలలో దాదాపు అంతే, గుప్పెడు కందిపప్పులో ఆరేడు గ్రాములు ఉంటాయి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం ఎంత తినాలో వైద్యుణ్ణి అడగాలి.

ఖరీదైన డబ్బా పొడులు అవసరం లేదు. బియ్యం, పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించిన కిచిడీలో చెంచా నెయ్యి లేదా నూనె వేయండి. మునగాకు వేసిన పప్పు, మెత్తగా మెదిపిన గుడ్డు, రాగిజావలో పాలు, వేయించి పొడి చేసిన పల్లీలు, అరటిపండు – ఇవన్నీ పళ్ళు లేనివారు కూడా తినగలిగినవే. మన హలీం సంగతే చూడండి. గోధుమ, పప్పు, మాంసం కలిపి నమలవలసిన పని లేకుండా మెదిపిన వంటకం అది. రమజానుకే పరిమితం చేయకుండా నెలకు రెండుసార్లు తక్కువ మసాలాతో ఇంట్లో వండితే పెద్దవాళ్ళకు ఎంతో మేలు. బార్లీ పిండితో కాచిన ‘తల్బీనా’ అనే జావ రోగి మనసుకు ఊరటనిస్తుందని దైవప్రవక్త (స) ప్రబోధించారు. ఆప్తులను కోల్పోయిన ఇళ్ళలో హజ్రత్ ఆయిషా (రజి) దాన్ని కాయించేవారు. దుఃఖంలో ఉన్న మనిషికి ముద్ద దిగదని, అతనికి మెత్తని ఆహారం దగ్గరుండి ఇవ్వాలని ఆనాడే మనకు నేర్పారు.

మూడు పెద్ద భోజనాలకు బదులు ఐదారు సార్లు కొద్దికొద్దిగా పెట్టండి. టీ భోజనానికి ముందు వద్దు, అది ఆకలిని చంపుతుంది. అడగకపోయినా మధ్యమధ్య నీళ్ళు ఇవ్వండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారు తినకుండా మందు వేసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కాబట్టి తిండి తగ్గినట్లు వైద్యుడికి తప్పక చెప్పండి. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి జాలితో ఒక్కసారిగా కడుపునిండా పెట్టకండి. అది ప్రాణానికే ముప్పు తేవచ్చు. వైద్యుడి సలహాతో కొద్దికొద్దిగా పెంచాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, పక్కన కూర్చోండి. ఒక పూటైనా వారి దస్తర్‌ఖాన్ మీదే మీ పళ్ళెం పెట్టుకోండి.

ఉపవాసం, ఫిద్యా

మన పెద్దలు చాలామంది శరీరం సహకరించకపోయినా ఉపవాసాలు వదలరు. వారి భక్తికి అల్లాహ్ మంచి ప్రతిఫలమిచ్చుగాక! కానీ ధర్మం వారికి సడలింపునిచ్చింది. ఉపవాసం పాటించలేనంత వృద్ధులై, మళ్ళీ కోలుకునే ఆశ లేనివారు ఒక్కో ఉపవాసానికి ఒక నిరుపేదకు రెండు పూటలా కడుపునిండా భోజనం పెట్టాలి, లేదా ఒక ఫిత్రా పరిమాణాన్ని ఇవ్వాలి. అదీ ఇవ్వలేని పేద వృద్ధులు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటే చాలు. హజ్రత్ అనస్ (రజి) బాగా వృద్ధులయ్యాక ఒకటి రెండు సంవత్సరాలు ఉపవాసాలు మాని, రోజుకొక పేదకు రొట్టె, మాంసం పెట్టారని ఇమామ్ బుఖారీ పేర్కొన్నారు. ఆయన పేదకు పెట్టినది రొట్టె, మాంసం అన్న సంగతి గమనించండి.

కాబట్టి స్థోమత ఉన్న వృద్ధుల ఫిద్యాను బస్తీలోని పేద వృద్ధుల భోజనానికి చేర్చే ఏర్పాటు చేస్తే ఎంత బాగుంటుంది! ఉపవాసం ఉండలేని ఒక పెద్దాయన ముప్ఫై రోజుల ఫిద్యాతో మరొక పెద్దాయన నెల రోజులు రెండు పూటలా తినగలడు.

మస్జిద్ కమిటీలు చేయగలిగినది

మనం మొదట చెప్పుకున్న ఆయతు సుఫ్ఫాలో నివసించిన పేద సహాబాల గురించి అవతరించిందని పలువురు వ్యాఖ్యాతలు రాశారు. మస్జిదె నబవీలో ఒక అరుగు మీద ఉండేవారు వారు. ఇద్దరికి సరిపడా అన్నం ఉన్నవారు మూడో మనిషిని, నలుగురికి సరిపడా ఉన్నవారు ఐదో మనిషినో ఆరో మనిషినో వెంట తీసుకువెళ్ళాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. దీనికి నిధి అక్కర్లేదు, భవనం అక్కర్లేదు. ఒక పట్టిక చాలు. మహల్లాలో ఒంటరిగా లేదా పేదరికంలో ఉన్న వృద్ధులు ఎందరో రాసుకుని, వండుకునే ఇంటికొకరు చొప్పున ఒక టిఫిను బాధ్యత అప్పగించవచ్చు. ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయకండి. అభిమానం చంపుకోలేక పస్తున్న మనిషిని ఫొటో తీస్తే, మరునాడు ఆ టిఫిను కూడా ముట్టడు.

ప్రభుత్వం నుంచి రావలసిన హక్కులు ఇప్పించడం కూడా సేవే. వృద్ధాప్య పింఛను తెలంగాణలో 2019లో నెలకు 2,016 రూపాయలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 4,000 రూపాయలైంది. ఆధార్‌లో వయసు తప్పుపడి పింఛను రానివారు, వేలిముద్రలు అరిగిపోయి రేషన్ యంత్రం దగ్గర వెనుదిరిగేవారు మన మధ్య ఎందరో ఉన్నారు. చదువుకున్న యువకులు ఇద్దరు నెలకు ఒక ఆదివారం మస్జిద్ వరండాలో కూర్చుని ఆ కాగితాలు సరిచేస్తే ఎన్నో పొయ్యిలు వెలుగుతాయి. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను సహాయం ఉంది. తల్లిదండ్రుల పోషణకు 2007లో చేసిన చట్టం కూడా ఉంది. అయితే విశ్వాసి తన తల్లికి అన్నం పెట్టడానికి చట్టం దాకా పోవలసి రావడం సిగ్గుచేటు.

ఈ సేవలో మతభేదం లేదని కూడా గుర్తుంచుకోవాలి. ఇమామ్ అబూ యూసుఫ్ తన ‘కితాబుల్ ఖరాజ్’లో ఒక సంఘటన నమోదు చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక ఇంటి ముందు బిచ్చమడుగుతున్న చూపులేని ముసలి యూదుణ్ణి చూశారు. చేయి పట్టుకుని తన ఇంటికి తీసుకువెళ్ళి, ఉన్నది ఇచ్చారు. ఆ తర్వాత బైతుల్ మాల్ అధికారికి కబురుపెట్టి, వయసులో ఉండగా అతని నుంచి పన్ను తీసుకుని, ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదంటూ, అతనికి, అతనిలాంటి వారికి జిజ్యా రద్దు చేసి సహాయం ఏర్పాటు చేయించారు. మన గోడ పక్కన ఉండే హిందూ అవ్వ, క్రైస్తవ తాత కూడా మన పొరుగువారే. వారి పట్ల మన బాధ్యత గురించి కూడా మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది.

ఈ నెలలో ఆచరించవలసినవి

ఈ రోజు రాత్రి భోజనంలో మొదటి వడ్డన ఇంట్లోని పెద్దవారికి చేయండి, వారు తినేదాకా పక్కన కూర్చోండి. ఈ వారంలో ఒక దారం తీసుకుని వారి పిక్క కొలవండి, బరువు చూసి ఒక కాగితం మీద తేదీతో రాసిపెట్టండి, నెల తర్వాత మళ్ళీ చూడండి. ఈ జుమా నాటికి మీ వీధిలో ఒంటరిగా ఉన్న ఒక వృద్ధుణ్ణి లేదా వృద్ధురాలిని గుర్తించి, నిన్న రాత్రి ఏం తిన్నారో అడగండి. దీన్ని మక్తబ్ పిల్లలకు కూడా నేర్పండి. మాఊన్ సూరాలో అల్లాహ్ నిందించినది పేదకు అన్నం పెట్టమని ప్రోత్సహించని వాణ్ణి. తన దగ్గర పెట్టడానికి ఏమీ లేనివాడు కూడా మరొకరికి గుర్తు చేయగలడు కదా!

మనలోని బలహీనుల మూలంగానే మనకు సహాయం, ఉపాధి లభిస్తున్నాయని దైవప్రవక్త (స) తెలియజేశారు. మనం వారిని పోషిస్తున్నామని అనుకుంటున్నాం. నిజానికి వారి మూలంగా మన పళ్ళెంలోకి అన్నం వస్తోంది.

ఓ అల్లాహ్! మా పెద్దలు మమ్మల్ని పసితనంలో సాకినట్లు నీవు వారిపై కరుణ చూపు. వారి ఆకలిని చూడగల కళ్ళు మాకు ప్రసాదించు. మేము గుర్తించలేకపోయినవారి విషయంలో మమ్మల్ని క్షమించు. వారికి నీ స్వర్గ ఫలాలు తినిపించు. ఆమీన్.